మూడు రోజుల చుక్కల మందు

ముక్కులో వేసుకునే ఆ చుక్కల మందు సీసా మీద మందుల షాపతను పెన్నుతో రాసిచ్చింది మూడు రోజులకే. పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు, అంతే. మామయ్య చుక్కల లెక్కను ఓ రెండు నెలలు నిలబెట్టుకున్నాడు. రోజుల లెక్కే చెయ్యి దాటిపోయింది. ఇప్పటికి మూడేళ్లు.

చొక్కా జేబులో ఒక సీసా, కళ్లజోడు పెట్టెలో ఒకటి, స్కూటర్ డిక్కీలో ఒకటి, పని దగ్గర గింజలు కొలిచే డబ్బా వెనక ఒకటి. జేబు తడుముకుని సీసా తగలకపోతే ఆయన మొహం బస్సులో పిల్లాణ్ణి మర్చిపోయి దిగినవాడి మొహంలా అయ్యేది. దొరికిందా, ఇక చూడాలి. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసి, ఈ ముక్కులో రెండు, ఆ ముక్కులో రెండు వేసుకుని, వేళ్లతో ముక్కు దూలాన్ని మెల్లగా నొక్కి, అర నిమిషం అలాగే ఉండిపోయేవాడు. తర్వాత ఒక పొడుగాటి శ్వాస లాగి కళ్లు తెరిచేవాడు.

"కొత్త కాపురంలో నా వంక కూడా ఇంత ప్రేమగా చూడలేదు ఈ మనిషి," అనేది అత్తయ్య.

"నువ్వు ఎప్పుడైనా నా ముక్కు తెరిపించావా?" అనేవాడు మామయ్య.

"మూసే మాట ఒకటి చెప్పనా?" అనేది అత్తయ్య. ఆయన వద్దనేవాడు.

మామయ్య కాఫీ గింజలు వేయిస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే షాపు, అదే డ్రమ్ము. షాపు ముందు గదిలో గాజు అల్మరాలు, గల్లాపెట్టె. మధ్య గదిలో పొడి మర. వెనక గదిలో గ్యాసు మంట మీద తిరిగే ఇనుప డ్రమ్ము, దాని మూతి దగ్గర ఒక పిడి. పిడి లాగితే గింజలన్నీ కింద ఉన్న పెద్ద జల్లెడ పళ్లెంలోకి బొలబొలా దిగుతాయి. ఎప్పుడు లాగాలన్నదే విద్య. ఒక నిమిషం ముందు లాగితే పొడి పచ్చిగడ్డిలా ఉంటుంది. ఒక నిమిషం ఆలస్యమైతే బొగ్గు. డ్రమ్ముకున్న చూపు కంత ఎప్పుడో మసిబారిపోయింది. గింజలు చిట్లే చప్పుడు పక్క గది మర మోతలో కలిసిపోతుంది. గడియారం పెట్టుకుందామంటే ఒక బస్తా గింజలు తేమగా ఉంటాయి, ఇంకో బస్తావి ఎండి ఉంటాయి, ఏ రెండు వాయిలకూ ఒకే సమయం పట్టదు. పైగా షాపు పెట్టిన పెద్దాయన తన కాలంలోనే ఆ గదిలో గోడ గడియారం తీయించేశాడు. గడియారం ఉంటే చెయ్యి దాన్నే నమ్ముతుంది, ముక్కు పడుకుంటుంది అని ఆయన సిద్ధాంతం. ఆయన పోయాక షాపు కోడలి చేతికొచ్చింది. అందరూ ఆవిడను అమ్మగారు అంటారు. ఆవిడ అన్నీ మార్చింది కానీ గడియారం మాత్రం పెట్టలేదు.

"మాకు గడియారం ఎందుకండీ, మా మాస్టర్ ముక్కుంది," అని పెద్ద ఆర్డర్లిచ్చే హోటళ్లవాళ్లను వెనక గదిలోకి తీసుకొచ్చి మరీ చూపించేది. వాళ్లు మామయ్య ముక్కు వంక గౌరవంగా చూసేవాళ్లు. మామయ్య కొంచెం పక్కకు తిరిగి నిలబడేవాడు, బాగా కనపడేలా.

ఆ ముక్కు పని చెయ్యడం మానేసి ఏడాదైందని ప్రపంచంలో ఒక్కరికే తెలుసు. ఆయన మేనకోడలికి.

ఆ పిల్ల చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. తల్లికి జబ్బు చేస్తే ఇంట్లో పని ఎవరో ఒకరు చూడాలి కదా, చూసింది. తల్లి కోలుకునేసరికి బడి వయసు దాటిపోయింది. మామయ్య తన ఇంటికి తీసుకొచ్చి షాపులో పొట్లాల పనికి పెట్టించాడు. వెనక గదిలోనే, డ్రమ్ముకు పది అడుగుల దూరంలో, పొడిని తూకం వేసి సంచుల్లో నింపి సీలు వేస్తుంది. పలకరిస్తే తల ఊపుతుంది. రెండోసారి పలకరిస్తే నవ్వుతుంది. మూడోసారి పలకరించే ఓపిక ఎవరికీ ఉండదు. మాట్లాడనివాళ్లకు చూడ్డానికి బోలెడంత తీరిక. అందుకే ఆమె అన్నీ చూసేది.

మొదట చూసింది ఫినాయిల్ సంగతి. నేల తుడిచే ఆవిడ చేతిలోంచి సీసా జారి మామయ్య కాళ్ల దగ్గరే ఒలికింది. మధ్య గదిలో మర ఆడించే మనిషి ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాడు. మామయ్య మాత్రం ఒక గింజను వేళ్ల మధ్య తిప్పుకుంటూ, "ఈసారి సరుకు సువాసనగా ఉంది," అన్నాడు.

ఆ తర్వాత వారానికి, హోటలు వాయి ఒకటి డ్రమ్ములో ఉండగా, వేగిన వాసన గదంతా కమ్మింది. తీపి మాడుతున్నట్టు, అంచున చిన్న పొగ కలిసిన వాసన. లాగాల్సిన క్షణం అదే. మామయ్య పిడి మీద చెయ్యేసి గోడ వంక చూస్తున్నాడు. వాసన ముదురుతోంది. మామయ్య ఇంకా గోడనే చూస్తున్నాడు. మామయ్యా లాగు అనాలి మేనకోడలు. రెండే మాటలు. ఆ రెండు మాటలూ గొంతులోకి వచ్చి, గడపలోనే సిగ్గుపడి ఆగిపోయాయి. వాటి బదులు ఒక దగ్గు వచ్చింది.

మామయ్య ఉలిక్కిపడి ఆమె వంక చూశాడు. పిడి లాగాడు. గింజలు సరిగ్గా పడాల్సిన రంగులో పడ్డాయి.

అంతే, అది అలవాటైపోయింది. మామూలు వాయికి ఒక దగ్గు, హోటళ్లకు పంపే ముదురు వాయికి రెండు. రోజుకు ఆరు వాయిలు. దాని గురించి ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇంట్లో భోజనాల దగ్గర మామయ్య, "వయసు పెరిగేకొద్దీ నా ముక్కు పదునెక్కుతోంది," అనేవాడు. మేనకోడలు కంచంలోకి చూసేది. కానీ ఆయనకు తెలుసు. ఒకరోజు కలకండ పొట్లం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "గొంతుకు మంచిది, చప్పరించు," అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చి, "మరీ తగ్గిపోయేంత తినకు," అన్నాడు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో. అమ్మగారు ఒకరోజు వెనక గదిలోకి వచ్చి నిలబడింది.

"మాస్టర్, ఈ పిల్ల దగ్గు ఏడాదిగా వింటున్నాను. ముందు గదిలో కొనడానికి వచ్చినవాళ్లు కూడా వింటున్నారు. నిన్న ఒకాయన పొట్లం చేతిలో పెట్టుకుని, దీన్ని కట్టినవాళ్లేనా దగ్గేది అని అడిగాడు. ఏం చెప్పమంటావు నన్ను?"

"చిన్న దగ్గేనండీ," అన్నాడు మామయ్య.

"చిన్నదో పెద్దదో, తినే సరుకు దగ్గర దగ్గు కుదరదు. డాక్టర్ దగ్గర కాగితం తీసుకురండి. అందాకా ఈ పిల్ల ముందు గదిలో కూర్చుని సంచుల మీద చీటీలు అంటిస్తుంది. శనివారానికి కాగితం రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను. ఏమ్మా, తప్పుగా మాట్లాడానా?"

మేనకోడలు లేదన్నట్టు తల ఊపింది.

ఆ మధ్యాహ్నమే మామయ్య ఒంటరిగా దింపిన వాయి బొగ్గు. భయపడి తర్వాతి వాయిని ముందే లాగేశాడు. అది గడ్డి. అమ్మగారు రెండు గింజలను అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ తిట్టకపోతేనే భయం.

మర్నాడు చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గర బెంచీ మీద కూర్చున్నప్పుడు మామయ్య మెల్లగా అన్నాడు.

"నిజం చెప్తే నన్ను డ్రమ్ము దగ్గర నిలబెట్టరు. ఇరవై రెండేళ్లుగా ఇంకో పని చేతపట్టలేదు నేను. చెప్పకపోతే నిన్ను తీసేస్తారు. ఏం చేద్దామంటావు?"

మేనకోడలు ఆలోచించింది. ఆయన చొక్కా చేతి మడత ఊడి ఉంటే సరిచేసింది.

డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. నుదుటి మీద లైటు. మేనకోడలి చేత నోరు తెరిపించింది, వీపు మీద గొట్టం పెట్టి వింది, మళ్లీ నోరు తెరిపించింది.

"గొంతు శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. దగ్గు ఎప్పుడొస్తుందమ్మా?"

"వేగినప్పుడు," అంది మేనకోడలు నేల చూస్తూ.

"పొగకా?"

"కాదు. సరిగ్గా వేగినప్పుడు."

"కొంచెం ఎక్కువ వేగితే?"

"అప్పటికి దగ్గేసి ఉంటానండీ."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "రోజుకు ఎన్నిసార్లు?"

"ఆరు. ముదురు వాయికి రెండేసి."

"ఆదివారం?"

"షాపు సెలవండీ," అన్నాడు మామయ్య, ఆ జవాబుతో అంతా తేలిపోయినట్టు. "డాక్టర్ గారూ, ఒక చిన్న సాయం. జబ్బేం లేదని రాయండి, అది నిజమే కదా. కింద ఒక ముక్క, రోజుకు ఎనిమిది సార్లు దగ్గితే ఎవరికీ నష్టం లేదని కూడా రాస్తే..."

డాక్టరమ్మ ఇరవయ్యేళ్ల ప్రాక్టీసులో వినని మాటలు వింటున్నట్టు చూస్తోంది. ఆ చూపుకు మామయ్యకు కంగారు పుట్టింది. కంగారు పుడితే ముక్కు బిగుసుకుంటుంది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తల వెనక్కి వాలింది. ఈ ముక్కులో రెండు, ఆ ముక్కులో రెండు.

కళ్లు తెరిచేసరికి నుదుటి లైటు ఆయన మొహం మీద ఉంది.

"అది ఎన్నాళ్లుగా వేస్తున్నారు?"

"మొన్నీమధ్య జలుబు చేస్తే..."

"మూడేళ్లు," అంది మేనకోడలు.

మామయ్య ఆమె వంక తిరిగాడు. అడగకుండా ఆమె నోట మాట రావడం ఆయన వినడం అదే మొదలు.

డాక్టరమ్మ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ముక్కులోకి తొంగి చూసింది. మేనకోడల్ని కూడా పిలిచి చూపించింది. లోపల పొర ఎర్రగా, పచ్చిపుండులా, ఉబ్బి దారంతా మూసేసి ఉంది. అక్కడక్కడా ఎండిన నెత్తురు చారలు.

"జలుబు అస్సలు వదలట్లేదండీ," అన్నాడు మామయ్య.

"జలుబు మూడేళ్ల కిందటే వెళ్లిపోయింది. ఇప్పుడున్నది మందు. ఈ చుక్కలు వేస్తే లోపలి పొరలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, దారి తెరుచుకుంటుంది. నాలుగైదు రోజులు దాటి వేస్తే అవి మందు దిగినప్పుడల్లా ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మీరు జలుబనుకుని మళ్లీ వేస్తారు. మొదట్లో ఒకసారి వేస్తే ఎంతసేపు ఆగేది?"

"పూటంతా."

"ఇప్పుడో?"

మామయ్య చేతిలో సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"వాసనలు తెలుస్తున్నాయా?"

ఆ ప్రశ్నకు ఆయన తల వంచుకున్నాడు. మేనకోడలికి ఆ క్షణం ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"లేదండీ," అన్నాడు. "ఏడాదైంది."

"పొర కుదుటపడితే తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది. కానీ చుక్కలు ఆపాలి. ఒకేసారి రెండు వైపులా ఆపలేకపోతే ముందు ఒక ముక్కు, వారం తర్వాత రెండోది. ఈ స్ప్రే రాసిస్తున్నాను, ఇది వేరే రకం, వాపు తగ్గిస్తుంది, వెంటనే పని చెయ్యదు, ఓపిక పట్టాలి. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. మొదటి రోజుల్లో ప్రాణం పోతున్నట్టుంటుంది. పోదు."

అమ్మగారు ఇచ్చిన గడువు శనివారమైతే మామయ్య ముక్కుకు పట్టే గడువు మూడు వారాలు. అయినా ఆయన శనివారం దాకా షాపుకు సెలవు చెప్పి, ఆ సాయంత్రమే కుడి ముక్కు చుక్కలు ఆపేశాడు. అత్తయ్య ఇల్లంతా గాలించి సీసాలు ఏరింది. దిండు గలీబులోంచి ఒకటి, టార్చిలైటులో బ్యాటరీ తీసిన చోట ఒకటి, ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచే రెండు.

"నా సొరుగులోనా," అంది అత్తయ్య. "ఇంకేం దాచారు నా దగ్గర, ఇప్పుడే చెప్పేయండి."

మామయ్య నోటితో శ్వాస పీలుస్తూ కుర్చీలో కూలబడి ఉన్నాడు. "ఎడమ ముక్కు బతికే ఉంది. దాంతో మాట్లాడు, కుడిది ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేదు."

రెండు రోజులకు మందుల షాపతను ఇంటికే వచ్చాడు. "మాస్టర్ కనపడటం లేదు, ఒంట్లో బాగానే ఉందా అని చూసిపోదామని," అన్నాడు. మందు కొనకపోతే జబ్బు చేసిందనుకున్న మనిషి అతనొక్కడే.

శనివారం కాగితం అమ్మగారి చేతికి అందింది. గొంతు బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఏ జబ్బూ లేదు. ఎనిమిది దగ్గుల మాట డాక్టరమ్మ రాయలేదు.

"సంతోషం," అంది అమ్మగారు. "జబ్బు లేదంటే దగ్గు కూడా ఉండదన్నమాట. ఇంకొక్కసారి వినపడితే ఈ కాగితం నీ చేతికే ఇచ్చి పంపిస్తానమ్మా." తర్వాత ఒక ముక్కాలి పీట తెచ్చి డ్రమ్ము పక్కన వేసుకుని కూర్చుంది. "మాస్టర్, ఈ వాయి నా ముందు దింపు. మొన్నటి రెండూ నాకు అర్థం కాలేదు."

అది హోటలు వాయి. మామయ్య గింజలు పోశాడు. మంట పెంచాడు. కుడి ముక్కు రాయిలా మూసుకుని ఉంది. ఎడమ ముక్కులో పొద్దున వేసిన చుక్కల మహిమ అప్పుడే దిగిపోయింది. పిడి మీద చెయ్యేసి గోడ వంక చూడటం మొదలుపెట్టాడు.

మేనకోడలు మళ్లీ తన బల్ల దగ్గర సంచి మూతికి సీలు వేస్తోంది. ముందు పచ్చి వాసన వచ్చింది. తర్వాత కాల్చిన రొట్టె వాసన. తర్వాత తీపి. ఆమె చేతులు ఆగిపోయాయి. తీపి అంచున పొగ మొదలైంది. మామయ్య చెవి వెనక నుంచి చెమట చార ఒకటి కాలర్‌లోకి దిగడం ఆమెకు కనపడింది. దగ్గకూడదు. దగ్గితే తను పోతుంది. ఊరుకుంటే ఆయన పోతాడు. అమ్మగారు పీట మీద కదిలింది. పొగ చిక్కబడుతోంది.

"అయింది," అంది మేనకోడలు.

గట్టిగానే వచ్చింది. మర మోతను దాటి ముందు గదిలో గల్లాపెట్టె దాకా వినపడిందట. మామయ్య పిడి లాగాడు. గింజలు దిగాయి, నల్లగా, నూనె మెరుపుతో, ఒక్కటి కూడా మాడకుండా.

అమ్మగారు పళ్లెం వంక చూసింది. మామయ్య వంక చూసింది. తర్వాత మేనకోడలి వంక తిరిగింది. "నీకెలా తెలుసు?"

మేనకోడలు సంచి వైపు తిరిగిపోయింది. మామయ్యే చెప్పాడు, గింజల్ని గరిటెతో తిప్పుతూ, ఎవరి మొహమూ చూడకుండా.

"నాకు వాసన తెలియదండీ. ఏడాదైంది. ఆ పిల్ల దగ్గితే లాగుతున్నాను. జబ్బు దాని గొంతుకు కాదు, నా ముక్కుకు. చుక్కల మందు వేసి వేసి నేనే పాడు చేసుకున్నాను. డాక్టర్ గారు తిరిగి వస్తుందన్నారు. రాకపోతే డ్రమ్ము దగ్గర ఉంచమని అడగను. మీ ఇష్టం."

జల్లెడ కింద ఫ్యాను తిరుగుతోంది. గింజలు చల్లబడుతూ చిటుకు చిటుకుమంటున్నాయి.

"అంటే," అంది అమ్మగారు చివరికి, "ఏడాదిగా హోటళ్లవాళ్లను తీసుకొచ్చి నేను ఎవరి ముక్కు చూపిస్తున్నట్టు?"

మామయ్య గరిటెను పళ్లెం అంచున పెట్టాడు.

"వాళ్లు ఎంత వినయంగా చూసేవాళ్లు. ఒకాయన దండం కూడా పెట్టాడు." ఆవిడ నుదురు రుద్దుకుంది. "ఈ ఏడాదిలో ఒక్క పొట్లం వెనక్కి రాలేదు. అదీ నా కోపం. తిడదామంటే పట్టు దొరకడం లేదు."

లేచి పీటను కాలితో జరిపింది, మేనకోడలి వైపు. "కూర్చో. పొట్లాలు వాయికీ వాయికీ మధ్య కట్టు. మాస్టర్, మంట నీది, డ్రమ్ము నీది, ఈ పిల్ల అన్నప్పుడు లాగడం నీది. ఏమ్మా, ఇందాక అన్నట్టే అనాలి ప్రతిసారీ. ముందు గదిలో నాకు వినపడాలి. వినపడకపోతే మళ్లీ దగ్గుతున్నావనుకుంటాను."

రోజుకు ఆరుసార్లు, షాపులో అందరూ వినేలా అరవడం. మేనకోడలికి ఉద్యోగం పోయినా ఇంత భయం వేసేది కాదేమో. మొదటి నాలుగు రోజులు ఆ మాట అనబోయే ముందు చెవులు ఎర్రబడేవి. ఐదో రోజు మర ఆడించే మనిషి, "ఇంకా అనలేదేంటమ్మా, టీ తాగడానికి నీ మాట కోసమే చూస్తున్నా," అన్నాడు. ఆ తర్వాత కొంచెం తేలికైంది.

మామయ్య రెండో వారంలో ఎడమ ముక్కు చుక్కలు కూడా ఆపాడు. ఆ వారం ఆయన గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. నోరు తెరుచుకుని నడిచాడు, నోరు తెరుచుకుని పడుకున్నాడు, ఉప్పునీళ్లు కడుక్కుంటూ డాక్టరమ్మ వంశాన్ని తలుచుకున్నాడు. మూడో వారం మధ్యలో, బస్తా మూతి విప్పుతూ ఆగిపోయాడు.

"గోనె," అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"తడి గోనె వాసన." బస్తాలో తల పెట్టి మళ్లీ పీల్చాడు. తల తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. దుమ్మని చెప్పాడు.

ఆ రోజు నుంచి ఆయన్ను భరించడం కష్టమైంది. నేల తుడిచే ఆవిడకు ఫినాయిల్ ఎక్కువైందన్నాడు. మర మనిషి చొక్కా ఉతికి ఎన్నాళ్లైందో చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు. అమ్మగారు చేతులకు రాసుకునే క్రీము గింజల దగ్గరికి తేవద్దన్నాడు. అత్తయ్య మాత్రం, "మూసుకునే ఉంటే సుఖంగా ఉండేది," అంది.

సోమవారం మొదటి వాయికి ఆయన పీట వైపు చూడలేదు. డ్రమ్ము దగ్గర కొంచెం ముందుకు వంగి, కళ్లు మూసుకుని, ముక్కుతో నిండుగా గాలి లాగాడు. పచ్చి వాసన, రొట్టె వాసన, తీపి. మొహం వెలిగిపోయింది.

"అయింది," అన్నాడు.

"ఇంకా లేదు మామయ్యా," అంది మేనకోడలు.

పిడి మీద చెయ్యి ఆగింది. "లేదేంటి, తీపి వచ్చేసింది."

"తీపి వచ్చింది. పొగ రాలేదు."

"ఇరవయ్యేళ్లు నేను తీపి దగ్గరే లాగాను."

"ఈ ఏడాది నేను పొగ దగ్గర దగ్గాను. అందరూ తాగుతున్నది అదే."

"పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు నువ్వు?"

"ఇప్పుడే. కాసేపాగు, మాట్లాడించకు, వాసన తప్పిపోతుంది."

మామయ్య నోరు తెరిచి, మూసి, ఆగాడు. ముందు గదిలోంచి అమ్మగారి గొంతు వచ్చింది. "ఇద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి, గింజలు మీకోసం ఆగవు."

"అయింది," అంది మేనకోడలు.

ఆయన లాగాడు. గింజలు పళ్లెంలోకి దిగాయి. వేడిగా ఉండగానే ఒకటి తీసి, అరచేతిలో ఊది, పంటి కింద వేసుకుని చాలాసేపు నమిలాడు. మేనకోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన దవడ వంకే చూస్తోంది.

"బాగానే ఉంది," అన్నాడు ఆఖరికి, ఇష్టం లేనట్టు. ఇంకో గింజ నోట్లో వేసుకున్నాడు. "తర్వాతి వాయి నాది. తీపి దగ్గర లాగుతాను. రెండూ పొడి చేసి పక్కపక్కన పెట్టి అమ్మగారికి తాగిద్దాం. ఏది ఎవరిదో ముందు చెప్పకూడదు."

"సరే," అంది మేనకోడలు, పీటను డ్రమ్ముకు ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంటూ. "బస్తా విప్పు."